వెన్నులోనికి సూది - ఒక చికిత్స కథ

ఒకే సంవత్సరమున పుట్టిన రెండు సంగతులు నూటపాతికేండ్లకు కలిసికొన్నవి. 1891లో జర్మనీయందలి కీల్ నగర వైద్యుడు క్వింకే, తలలో నీరుచేరిన పసిబిడ్డల బాధ తగ్గించుటకై, నడుము పూసల సందున సూది గ్రుచ్చి ద్రవము తీయు పద్ధతిని ప్రకటించెను. ఆ యేడే ఆస్ట్రియా వైద్యుడు వెర్డ్నిగ్, శిశువుల కండరములు క్రమముగా క్షీణించు వ్యాధి నొకదానిని వర్ణించెను. వెన్నుపాములో కండరములను కదలించు నాడీకణములు నశించుటయే దీనికి మూలము.

దీనికి తొలిమందైన నుసినెర్సెన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో ఆమోదించినది. రక్తములోని కెక్కించిన, ఇది వెన్నుపామును చేరజాలదు. కావున క్వింకే సూదియే శరణ్యమైనది. అదియు ఒకసారి కాదు. తొలుత నిర్ణయించిన క్రమములో మొదటి రెండు మాసములలో నాలుగు మారులు, పిమ్మట నాలుగు మాసముల కొకమారు.

చిక్కంతయు ఇక్కడనే. కండరముల పట్టు తప్పిన వెన్నెముక పక్కకు వంగి మెలితిరుగును. అమెరికాలో హారింగ్టన్ పోలియో పిల్లలకై రూపొందించి 1962లో ప్రకటించిన ఉక్కు కడ్డీల బాటలో, శస్త్రవైద్యులు ఇట్టి పూసలను లోహముతో బిగించి, ఒకటిగా అతుకుకొనునట్లు చేయుచు వచ్చిరి. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టిన ఆ చికిత్సయే సూది పోవు సందును ఎముకతో మూసివేసినది! వారిని తప్పుపట్ట వీలులేదు. ఇట్టి మందొకటి వచ్చునని నాడెవరెరుగుదురు?

1971లో లండనులో హౌన్స్‌ఫీల్డు యంత్రముతో తొలిసారి రోగికి తీసిన సి.టి. చిత్రమే ఇందుకు త్రోవ చూపినది. శరీరమును అడ్డముగా కోసినట్లు చూపు ఆ చిత్రముల సాయమున, నాడులు వెలువడు పక్కరంధ్రముగుండ సూదిని మెల్లగా నడుపుదురు. నాడికో రక్తనాళమునకో తగులు భయము కలదు. మాటిమాటికి పడు కిరణముల మోతాదును లెక్క చూడవలెను. 2020లో త్రాగుమందు రిస్డిప్లాం ఆమోదము పొందినను, సూదిమందునే వాడు రోగులు కలరు. వారికై కొందరు శస్త్రవైద్యులు కడ్డీలు బిగించునపుడే నడుమున ఒక సందు విడిచిపెట్టుచున్నారు.