అద్దె యిల్లు, అప్పు: పూర్వోత్తర చరిత్ర

పురుషార్థములలో అర్థమునకు రెండవ స్థానమిచ్చిన మన పెద్దలు దానిని ధర్మమునకు పిమ్మటనే నిలిపిరి. నేడు మన సంఘమున ఉద్యోగములందు కుదురుకొనిన యువకులు కొందఱు తాము నివసించు ఇంటికి తోడు మఱియొక యింటిని బ్యాంకు ఋణముతో కొని, అద్దెకిచ్చి, ఆ యద్దెతోనే ఋణము తీర్పవలెనని తలంచుచున్నారు. సంఘనిధికి కొంత ఋణమును జోడించి దుకాణపు గదులు కట్టించి, వాని బాడుగతో విద్యార్థి వసతిగృహమును నడుపవలెనని పోషకులలో కొందఱి యభిప్రాయము. రెండును మంచి తలంపులే. అయినను ఈ మార్గము క్రొత్తది కాదు. ఇల్లు కొనువాడు వెలకంటె ముందు విచారింపవలసినవి మూడు గలవు: అమ్మువాని హక్కు, ఋణభారము, కాపురస్థుని న్యాయము. ఈ మూడింటి చరిత్రను సంగ్రహముగా విన్నవించుచున్నాము.

మైసూరున ఆర్. శామశాస్త్రిగారు 1905లో వెలికిదెచ్చి 1909లో ముద్రింపించిన కౌటిలీయార్థశాస్త్రమున, తృతీయాధికరణమందు గృహవిక్రయ విధి గలదు. ఇల్లు అమ్మజూపినపుడు కొనుటకు మొదట జ్ఞాతులకు, పిదప పొరుగువారికి, ఆ పిదప ఋణదాతలకు వరుసగా అవకాశముండెను, తరువాతనే యితరులు. చుట్టుపట్ల నలువది కుటుంబములవారి యెదుట, ఆ యింటిముందే, వెలను ముమ్మాఱు చాటి, ఎవరును అడ్డు చెప్పనిచో విక్రయము సాగెడిది. దీని తాత్పర్యమేమి? రహస్యముగా జరిగిన కొనుగోలు కొనుగోలు కాదనియే. ఆ నలువది కుటుంబముల స్థానమున నేడు రిజిస్ట్రారు కచేరీ యున్నది. అయితే 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము దస్తావేజును నమోదు చేయునేకాని, అమ్మువానికి హక్కు గలదని హామీ యీయదు. కావున లింకు దస్తావేజులను, ఈ.సి.ని, పన్ను రసీదులను తానే చూచుకొని, న్యాయవాదికిని చూపి, ఇరుగుపొరుగులను విచారించిన పిమ్మటనే బయానా ఈయవలెను.

ఇక ఋణము. కౌటిల్యుడు నూఱు పణములకు నెలకు ఒకటింబావు పణమును ధర్మ్యమైన వడ్డిగా నిర్ణయించి, వర్తకులకు అయిదు, అడవిదారుల పోవువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది పణములవఱకు అనుమతించెను. అపాయము పెరిగినకొలది వడ్డి పెరుగునను సూత్రము నాడే తెలియును. వడ్డి అసలును మించరాదని మనువు కట్టడి చేసెను. తాకట్టు వస్తువును ఋణదాత అనుభవించుచున్నచో, వేఱుగా వడ్డి గొనరాదనియు జెప్పెను. మన గ్రామములందలి స్వాధీన తనఖా ఈ త్రోవలోనిదే: ఋణదాత యింటిని అనుభవించును, ఆ యనుభవమే వడ్డికి చెల్లును. అద్దెయు వడ్డియు ఒకే త్రాసున తూగెడి కాలమది.

1882 నాటి ఆస్తి బదలాయింపు శాసనము స్వాధీన తనఖాను నిలుపుచునే, ఇల్లు యజమాని చేతిలోనుండగనే జరుగు తనఖాలకును, కలకత్తా, మదరాసు, బొంబాయి వంటి నగరములలో దస్తావేజులను ఋణదాతకు అప్పగించుటచే ఏర్పడు తనఖాకును స్థానము కల్పించెను. మదరాసున 1872లో వెలసిన మైలాపూరు హిందూ పర్మనెంటు ఫండు వంటి నిధులు సభ్యుల పొదుపును కూర్చి సభ్యులకే ఋణమిచ్చుచు వచ్చినవి. 1904లో సహకార సంఘముల శాసనము వచ్చెను. 1977లో హెచ్. టి. పారిఖ్‌గారు స్థాపించిన హెచ్.డి.ఎఫ్.సి. సంస్థ నెలసరి వాయిదాల దీర్ఘకాల ఋణమును మధ్యతరగతివారికి అలవాటు చేసెను. ఇప్పుడు ఇల్లు మనది, అద్దె మనది; కాని అద్దె వచ్చినను రాకున్నను వాయిదాయు మనదే. పూర్వపు త్రాసు ఇచ్చట తెగినది.

లెక్క చూతము. 50 లక్షల యిల్లు. చేతి సొమ్ము 10 లక్షలు, ఋణము 40 లక్షలు, వడ్డి నూటికి సాలుకు 9, గడువు 20 ఏండ్లు. నెల వాయిదా సుమారు 36,000 రూపాయలు. అద్దె 15,000 వచ్చుననుకొందము. తక్కిన 21,000 జీతమునుండి పోవలెను. అద్దె ఏటేట నూటికి 5 వంతున పెరిగినను, వాయిదాతో సమానమగుటకు 18 ఏండ్లు పట్టును. మరమ్మతులు, పన్నులు, ఖాళీ మాసములకై ఆ 15,000లో అయిదవవంతు తీసివైచి, మిగిలిన 12,000తోనే ఋణము తీరవలెనన్నచో, సుమారు 13 లక్షలకు మించి అప్పు చేయరాదు. వెల పెరుగుననుట నిజము కావచ్చును. అమ్మినపుడుగాని ఆ పెరుగుదల చేతికి రాదు.

మా పూర్వవిద్యార్థి యొకడు ఈ లెక్క వేయకయే ఒక పట్టణమున వాటా కొనెను. అద్దెకున్నవారు ఖాళీ చేసిపోగా ఏడు మాసములు ఎవరును రాలేదు. వాయిదాలకై ఇల్లాలి నగలు కుదువబెట్టి, తుదకు నష్టమునకే ఆ వాటాను అమ్ముకొనెను. అతడు సోమరి కాడు, దుర్వ్యసని కాడు. ఆఱు మాసముల వాయిదాల సొమ్ము వేఱుగా నిలువచేసికొనకుండుటయే అతని తప్పు. వాయిదాలు తొంబది దినములకు మించి నిలిచి ఋణము మొండిబాకీగా ఎంచబడినచో, 2002 నాటి సర్ఫేసీ శాసనము ననుసరించి, అరువది దినముల నోటీసు పిమ్మట దావా లేకయే ఇంటిని స్వాధీనపఱచుకొను అధికారము బ్యాంకునకు గలదని యెఱుగవలెను.

మూడవది కాపురస్థుని న్యాయము. అద్దె చెల్లించువానిని నిష్కారణముగా వెడలగొట్టిన యజమానికిని, వలదన్నను కదలని కాపురస్థునికిని కౌటిల్యుడు 12 పణముల దండనమునే విధించెను. దుర్భాషయు దౌర్జన్యమును, దొంగతనము, సాహసము, స్త్రీసంగ్రహణము, ఇంటిని కపటముగా అనుభవించుట, వీనియందు మాత్రము వెడలగొట్టవచ్చును. తనంతట తాను విడిచిపోవువాడు ఆ యేటి అద్దె శేషమును చెల్లింపవలెను. యుద్ధకాలపు ఇండ్ల కఱవు పిదప 1946, 1949లలో మదరాసు శాసనములు, 1954లో హైదరాబాదు శాసనము, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనము వచ్చి ఇరువురి హక్కులను మరల నిర్ణయించినవి. కావున వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేక తాళపుచెవి ఈయరాదు. రసీదు లేక అద్దె పుచ్చుకొనరాదు.

కౌటిల్యుడు చెప్పిన దోషములన్నియు నడవడికి సంబంధించినవే. వానిలో కులము లేదు. అద్దెకు వచ్చినవానిని మొదట నీదే కులమని యడుగు అలవాటు మన పట్టణములలో నేటికిని గలదు. కులసంఘ సంచికలో ఈ మాట వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని మన పిల్లలు పరస్థలమునకు చదువులకు పోయి, ఇల్లు దొరకక తిరిగిన దినములను పెద్దలు మఱవలేదు. వసతిగృహ సంకల్పము పుట్టినది ఆ బాధలోనుండియే. మనము పడిన బాధను మన గడపయొద్ద మఱియొకని బిడ్డకు పెట్టరాదు. సంఘపు గదులను నడవడిని, చెల్లింపును చూచి యిత్తుము గాక.

హక్కు తేటపఱచుకొని, ఋణమును అద్దెకు లోబఱచి, కాపురస్థుని మన్నించి కొనిన యిల్లు కొన్నవానిని నిలుపును. సంఘనిధి విషయమున పోషకులు ఈ మూడింటిని సమావేశమున చర్చించి, లెక్కలను సభ్యులందఱి యెదుట చదివిన పిమ్మటనే శంకుస్థాపనకు ముహూర్తము పెట్టుదురుగాక యని ప్రార్థించుచున్నాము.