అపస్మార చికిత్స – గర్భధారణ

అపస్మారము, అనగా మూర్ఛవ్యాధి, గల స్త్రీ సంతానము గోరునప్పుడు గర్భధారణకు పూర్వమే వైద్యుని సంప్రతించి తన ఔషధములను సరిచూచుకొనవలయును. ఇట్టివారిలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన శిశువులే జన్మింతురు. ఐనను, శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాడీనాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోపల, పెక్కుమందికి తాము గర్భవతులమని తెలియుటకు ముందే, మూసికొనును గావున, అటుపిమ్మట మందు మార్చినను ఆ మందువలన అప్పటికే కలిగిన లోపము తొలగదు.

1967లో ఫ్రాన్సున వాడుకకు వచ్చిన సోడియం వాల్‌ప్రోయేట్ అను మూర్ఛమందు ఈ విషయమున మిక్కిలి ప్రమాదకరమైనది: గర్భిణులు దానిని సేవించినచో నూటికి సుమారు 10 మంది శిశువులకు అంగవైకల్యములును, 30 నుండి 40 మందికి బుద్ధివికాస లోపములును గలుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. టోపిరమేట్, ఫినోబార్బిటాల్ సైతము ప్రమాదము గలవియే. లామోట్రిజిన్, లెవెటిరాసిటం సాపేక్షముగ సురక్షితములు. అయితే గర్భకాలమున రక్తమునందు లామోట్రిజిన్ పరిమాణము తగ్గుటచే, పరీక్షల ననుసరించి మోతాదు పెంచవలసి రావచ్చును.

మందును తమంతట తాము మానుట తగదు. ఏలయన, ఆకస్మికముగ మానినచో ఎడతెగని మూర్ఛలు పొడమి తల్లిబిడ్డల ప్రాణములకే ముప్పు వాటిల్లవచ్చును. కావున వైద్యులు నెలల ముందునుండి క్రమముగ మార్పు చేసి, వీలైనచో ఒకే మందును, మూర్ఛల నాపగల కనిష్ఠ మోతాదున నిలిపి, ఫోలిక్ ఆమ్లమును గర్భధారణకు ముందే ఆరంభింతురు. ఆ మార్పు పూర్తియగువరకు గర్భనిరోధము అవసరము. అయితే కార్బమజపైన్, ఫెనిటాయిన్ వంటి మూర్ఛమందులు గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గించును.

భారతదేశమున అపస్మారము గల గర్భిణుల వివరములను సేకరించు కేరళ నమోదు పట్టిక 1998లో తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ వైద్యసంస్థలో ఆరంభమైనది.