వీధిని లోగిలి చేసుకున్న డచ్చివాళ్లు

1972. ఆమ్‌స్టర్‌డామ్‌లో డె పైప్ అనే పాతపేట. ఇరుకు వీధులు, ఒకదానికొకటి అతుక్కున్న పాత మేడలు, ఎక్కడ చూసినా నిలిపి ఉంచిన కార్లు. పిల్లలు బంతి ఆడుకుందామన్నా చారెడు చోటు లేదు. ఆ పేట బడిపిల్లలు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేశారు. అంతటితో ఆగలేదు. ఒకరోజు వీధికి అడ్డం కట్టి, ఈ వీధి ఇవాళ మాది అన్నారు. కారులో వచ్చిన ఒకాయన దిగి ఆ అడ్డును లాగి పక్కన పడేశాడు. ఆడవాళ్లు, మగవాళ్లు ఇళ్లల్లోంచి బయటికొచ్చి పిల్లల పక్షాన నిలబడ్డారు. మాటా మాటా పెరిగి తోపులాట దాకా వెళ్లింది. అప్పట్లో టెలివిజన్ వాళ్లు ఆ పిల్లల మీద ఒక చిత్రం తీస్తున్నారు కాబట్టి ఆ గొడవంతా కెమెరాకెక్కింది. ఇప్పటికీ చూడవచ్చు.

మనకు డచ్చివాళ్లంటే బందరు, భీమునిపట్నం గుర్తుకొస్తాయి. ఈ తరానికైతే సైకిళ్లు గుర్తుకొస్తాయి. ‘వాళ్లది మొదట్నుంచీ సైకిళ్ల దేశం, మనకెలా కుదురుతుంది?’ అనేస్తాం. ఆ మాటలో సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బు ఆడేసరికి వాళ్లూ కార్ల వెంట పడ్డారు. కారు కోసం ఇళ్లు కూలగొట్టారు, కాలువలు పూడ్చారు, చౌరస్తాలను పార్కింగు మైదానాలు చేశారు. సైకిలు తొక్కేవాళ్లు ఏటేటా తగ్గిపోయారు. 1971లో కోటీ ముప్ఫై లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలే 400కు పైగా. రోజుకొక పసిప్రాణం కన్నా ఎక్కువే.

వాళ్లలో విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడి ఆరేళ్ల కూతురు ఒకతె. సైకిలు మీద బడికి వెళ్తుండగా కారు గుద్దింది. ఆ తండ్రి మరుసటేడు, 1972 సెప్టెంబరులో, తాను పనిచేసే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దానికి పెట్టిన శీర్షిక ‘పిల్లల హత్య ఆపండి’. ప్రమాదం అనలేదు, హత్య అన్నాడు. అందరూ తలరాత అని సరిపెట్టుకుంటున్న దాన్ని ఒక్కమాటతో నేరం కింద నిలబెట్టాడు. ఆ శీర్షికే ఉద్యమం పేరైంది. దానికి మొదటి అధ్యక్షురాలు మార్ట్యె వాన్ పుటెన్ అనే చిన్న వయసు తల్లి. తర్వాత కాలంలో ఆమె యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది.

ఈ ఉద్యమం వాళ్లు చేసిన పనుల్లో నా మనసుకు బాగా పట్టినది వీధి భోజనాలు. వీధికి అడ్డం కట్టేసి, మధ్యలో బల్లలు వేసుకుని, ఇరుగుపొరుగంతా కూర్చుని భోంచేసేవాళ్లు. పిల్లలు చుట్టూ ఆడుకునేవాళ్లు. పోలీసులు కూడా సాయం చేశారని వాన్ పుటెన్ తర్వాత చెప్పింది. ప్రధాని యూప్ డెన్ అవుల్ ఇంటికి పిల్లలతో సైకిళ్ల మీద వెళ్లి పాటలు పాడితే, ఆయన బయటికొచ్చి వాళ్ల మాట విన్నాడు. ఇంతలో 1973 చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. ఆ నవంబరు 4 నుంచి జనవరి దాకా ఆదివారాలు కార్లు నడపకూడదని ప్రభుత్వం నిషేధించింది. ఖాళీ అయిన పెద్దరోడ్ల మీద జనం సైకిళ్లు తొక్కారు, స్కేటింగు చేశారు. కారు లేని ఊరు ఎలా ఉంటుందో కళ్లారా చూశారు.

ఇక అసలు పని డెల్ఫ్ట్ నగరంలో జరిగింది. 1960ల్లోనే నీక్ డె బూర్ అనే ప్రణాళికా నిపుణుడు ఒక మాట పుట్టించాడు: వూనెర్ఫ్. ‘వూన్’ అంటే నివాసం, ‘ఎర్ఫ్’ అంటే ఇంటి ముందూ వెనకా ఉండే ఆవరణ. మన మాటలో చెప్పాలంటే లోగిలి. ఆ మాటను డెల్ఫ్ట్ వీధుల్లో రాళ్లతో, మట్టితో నిజం చేసినవాడు నగరపాలక ఇంజినీరు యోస్ట్ వాల్. వీధివాళ్లను కూర్చోబెట్టుకుని, వాళ్లతో మాట్లాడి గీసేవాడు.

అలాంటి ఒక వీధిలోకి కారుతో పాటు మనమూ వెళ్దాం. మలుపు తిరగ్గానే చిన్న ఎత్తు. చక్రం ఎక్కి దిగేసరికి కింద నున్నటి తారు మారిపోయి ఇటుక పరుపు వస్తుంది, చక్రాల చప్పుడు మారుతుంది. ఫుట్‌పాత్ లేదు. గోడ నుంచి గోడ దాకా నేలంతా ఒకే మట్టం. ఎదురుగా తిన్నటి దారి కనపడదు. ఎడమన ఒక చెట్టు, దాన్ని తప్పుకుంటే కుడివైపు రెండు కార్లు నిలిపే చోటు, అదీ దాటితే మళ్లీ ఎడమన పూలతొట్టి, ఓ బెంచీ. బండి పాములా మెలికలు తిరుగుతూ పోవలసిందే. ఎంత తొందరున్నవాడికైనా కాలు యాక్సిలరేటరు మీద నిలవదు. ఇక్కడ ‘నెమ్మదిగా వెళ్లుము’ అని రాసిన బోర్డు కాదు, నేలే ఆ మాట చెబుతుంది.

1976లో దీనికి చట్టం వచ్చింది. వూనెర్ఫ్‌లో నడిచేవాళ్లు వీధి వెడల్పంతా వాడుకోవచ్చు, పిల్లలు నడిమధ్యలో ఆడుకోవచ్చు, బండి మాత్రం మనిషి నడక వేగానికి మించకూడదు అని ఆ చట్టం అంది. నీలం రంగు బోర్డు మీద ఇల్లు, పెద్దమనిషి, బంతితో పిల్లవాడు ఉంటారు, కారు కూడా ఉంటుంది. కారును తరిమేయలేదన్నమాట. విరుగ్గొట్టింది దాని పెత్తనాన్నే.

దీనిలో ఒక చిక్కుంది. ప్రతి వీధినీ తవ్వి ఇటుక పరచడం ఖర్చుతో కూడిన పని. అందుకే 1980ల్లో తేలిక మార్గం పట్టారు: పేట మొత్తాన్ని గంటకు 30 కిలోమీటర్ల మండలంగా ప్రకటించడం. జర్మనీలో ఇలాంటి మొదటి మండలం 1983లో బుక్స్‌టెహూడె అనే చిన్న ఊళ్లో వచ్చింది. 1992లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం పెద్దరోడ్లు మినహా ఊరంతటికీ ఆ హద్దే పెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ 2023 డిసెంబరులో తన వీధుల్లో అత్యధిక భాగానికి పెట్టింది.

ముప్ఫై ఎందుకు? లెక్క సులువు. ముప్ఫైలో వస్తున్న డ్రైవరుకు అడ్డంగా పిల్లవాడు కనబడితే, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. మంచి రోడ్డు మీద మొత్తం పదమూడు మీటర్లలో బండి ఆగుతుంది. యాభైలో వచ్చేవాడి బండి ఆ ఒక్క సెకనులోనే దాదాపు పద్నాలుగు మీటర్లు దూసుకొస్తుంది. అంటే మొదటి బండి ఆగిపోయిన చోట రెండో బండికి ఇంకా బ్రేకే పడలేదు. పిల్లవాడికి తగిలేది పూర్తి యాభై కిలోమీటర్ల దెబ్బ.

వేగమొక్కటే కాదు, రద్దీ కూడా మనుషులను విడదీస్తుంది. దాన్ని కొలిచి చూపినవాడు డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు ఒకేలాంటి మూడు వీధులు తీసుకున్నాడు. ఒకదానిలో రోజుకు 2 వేల బండ్లు, ఇంకోదానిలో 8 వేలు, మూడోదానిలో 16 వేలు. మీ స్నేహితుల ఇళ్లెక్కడ అని అడిగి, పటం మీద గీతలు గీశాడు. మొదటి వీధిలో ఈ వైపు నుంచి ఆ వైపుకు సాలెగూడులా గీతలు. మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు. మూడో వీధిలో ఒక్కరు కూడా సరిగ్గా లేరు, 0.9. ఈ పరిశోధనను 1981లో పుస్తకంగా తెచ్చిన యాపిల్‌యార్డ్ మరుసటేడే ఏథెన్సులో వేగంగా వచ్చిన కారు ఢీకొని చనిపోయాడు.

నెదర్లాండ్స్‌లో 2010లో రోడ్ల మీద చనిపోయిన పిల్లలు 14 మంది. నాలుగువందలు దాటిన లెక్క పద్నాలుగుకు దిగింది. ఆ ఘనతంతా వూనెర్ఫ్‌దే అనడం లేదు. సైకిలు బాటలు, సీటు బెల్టులు, మెరుగైన వైద్యం అన్నీ చేరాయి. కానీ మొదటి తోపు ఆ తల్లిదండ్రులది, ఆ బడిపిల్లలది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో కాలినడకన వెళ్తున్నవాళ్లు 32,825. మనకూ వేగానికి కళ్లెం వేసే పద్ధతులు రాసిపెట్టే ఉన్నాయి. 1970ల తొలినాళ్లలో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాల ఒక స్పీడ్ బ్రేకర్ కొలత తేల్చింది. బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, అటూ ఇటూ మెల్లగా వాలే గుండ్రటి వీపు. అదే కొలతను మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో తన ప్రమాణాల్లో రాసింది. నలుపు తెలుపు పట్టీలు వేయాలని, ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలని కూడా చెప్పింది. మన కాలనీల్లో కనిపించేవి మాత్రం రాత్రికి రాత్రి పోసిన సిమెంటు గట్లు. స్కూటరు వెనక కూర్చున్న ముసలమ్మ నడుము విరుగుతుంది, కారువాడు గట్టు దాటి మళ్లీ వేగం అందుకుంటాడు.

ఈ ఆదివారం ఒక టేపు తీసుకుని మీ వీధి స్పీడ్ బ్రేకర్‌ను కొలవండి. పక్కన పిల్లలను కూడా నిలబెట్టుకోండి. 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు లేకపోతే ఆ సంగతే కాగితం మీద రాసి, వీధివాళ్లందరి సంతకాలతో మున్సిపాలిటీలో ఇవ్వండి. డె పైప్ పిల్లలు మొదలుపెట్టింది సంతకాలతోనే.