పశువుల పండుగ (చిత్తూరు జిల్లా)

పశువుల పండుగ ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో సంక్రాంతి రోజుల్లో జరిగే ఎద్దుల పరుగు వేడుక. కొమ్ములకు పలకలు కట్టిన కోడెగిత్తలను ఊరి వీధిలో పరుగెత్తిస్తారు. వీధికి ఇరువైపులా గుమిగూడిన యువకులు వాటిని నిలువరించి, ఆ పలకలను చేజిక్కించుకోవడానికి పోటీపడతారు. పత్రికలు దీనిని సాధారణంగా జల్లికట్టు అని వ్రాస్తాయి. తిరుపతికి సమీపంలోని చంద్రగిరి మండలానికి చెందిన ఎ.రంగంపేటలో జరిగే పండుగ వీటిలో పేరుపొందినది. చంద్రగిరి మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఈ వేడుక చట్టబద్ధతపై వివాదం నెలకొంది.

పేరు

"జల్లికట్టు" తమిళం నుండి వచ్చిన మాట. సల్లి అనగా నాణెం, కట్టు అనగా మూట. పూర్వం ఎద్దు కొమ్ములకు నాణేల మూట కట్టి, దానిని విప్పి తీసుకున్నవారికి ఆ సొమ్ము దక్కేలా పోటీ జరిపేవారు కనుక ఈ పేరు వచ్చిందని చెబుతారు. చిత్తూరు ప్రాంతపు పల్లె ప్రజలు మాత్రం తమ వేడుకను పశువుల పండుగ అనే పిలుచుకుంటారు. ఇది కేవలం పేరులోని భేదం కాదు. ఇక్కడ పరుగు విడిగా నిలిచే క్రీడ కాక, కనుమ నాటి పశుపూజకు కొనసాగింపుగా ఉంటుంది.

నేపథ్యం

భోగి, సంక్రాంతి తరువాత వచ్చే కనుమ రైతుకు పశువులతో గల అనుబంధాన్ని గుర్తు చేసుకునే రోజు. ఆనాడు ఎద్దులను, ఆవులను చెరువుకు తోలుకొనిపోయి కడుగుతారు. కొమ్ములు చెక్కి, రంగులు పూసి, పసుపు కుంకుమలు పెట్టి, మెడలో గజ్జెలు, మువ్వలు కడతారు. ఔషధ గుణాలు గల ఆకులు, వేళ్ళు, చెక్కలు ఉప్పుతో కలిపి దంచి పశువులకు తినిపించే ఆచారం కూడా ఈ ప్రాంతంలో ఉంది. దీనిని ఉప్పుచెక్క అంటారు. సాయంకాలం ఊరి వెలుపల పశుపాలకుల వీరుడైన కాటమరాజును పూజించి, చిట్లకుప్ప అనే మంట వేస్తారు.

బ్రిటిషు పాలనలో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది. నేడు తమిళనాడులో ఉన్న వేలూరు ప్రాంతం, చిత్తూరు ప్రాంతం అంతవరకు ఒకే పాలనలో ఉండేవి. నేటికీ సరిహద్దుకు ఇరువైపులా తెలుగు, తమిళం మాట్లాడేవారు కలిసి జీవిస్తారు. సంక్రాంతి నాటి ఎద్దుల పరుగు కూడా ఇరువైపులా కనిపిస్తుంది.

పరుగు జరిగే తీరు

పండుగలు అన్ని ఊళ్ళలో ఒకే రోజున జరగవు. సంక్రాంతికి ముందు, తరువాత రోజుల్లో ఒక్కొక్క ఊరు ఒక్కొక్క రోజున జరుపుకుంటుంది. దీనివలన చుట్టుప్రక్కల గ్రామాల నుండి ఎద్దులను తీసుకొని వచ్చేవారికి, చూడవచ్చేవారికి వీలు కలుగుతుంది.

యజమానులు ముందుగా తమ ఎద్దును అలంకరించి పూజ చేస్తారు. తరువాత కొమ్ములకు చెక్క పలక కడతారు. పలకపై దేవుళ్ళ పటాలు, సినిమా నటుల, రాజకీయ నాయకుల చిత్రాలు ఉంటాయి. కొందరు పలకతో పాటు కొత్త తువాళ్ళు, కరెన్సీ నోట్లు కూడా కడతారు. డప్పుల మోతల నడుమ ఎద్దులను గుంపులుగా వీధిలోకి వదులుతారు. జనం ఇళ్ళ మిద్దెల పైనుండి, గోడల పైనుండి చూస్తారు. వీధిలో నిలిచిన యువకులు ఎద్దు మెడను, మూపురాన్ని పట్టుకొని దాని వేగాన్ని తగ్గించి, పలకను లాగుకుంటారు. పలక దక్కినవారికి అది విజయచిహ్నం. పలక పోకుండా వీధి దాటి వచ్చిన ఎద్దు యజమానికి ఊరిలో గౌరవం దక్కుతుంది.

ఇతర క్రీడలతో పోలిక

చెన్నైలోని గిండీ, హైదరాబాదులోని మలక్‌పేట మైదానాలలో జరిగే గుర్రపు పందేలలో దూరం, బరువు, రౌతు, బహుమతి ముందే నిర్ణయమై ఉంటాయి. వాటిని క్లబ్బులు నిర్వహిస్తాయి. గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడిన క్రీడ అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేలూరు, కృష్ణగిరి ప్రాంతాలలో జరిగే "ఎరుదు విడుం విళా"లో ఎద్దు నిర్ణీత దూరాన్ని ఎంత సమయంలో దాటిందో లెక్కించి బహుమతి ఇస్తారు. మదురై ప్రాంతపు అలంగానల్లూరు, పాలమేడు జల్లికట్టులో వాడివాసల్ అనే ద్వారం గుండా ఎద్దులను ఒక్కొక్కటిగా వదులుతారు. స్పెయిన్ దేశంలోని పాంప్లోనా నగరంలో జూలై నెలలో జరిగే ఎద్దుల పరుగులో మనుషులు ఎద్దులకు ముందు పరుగెత్తుతారు.

చిత్తూరు పశువుల పండుగలో కాలాన్ని కొలవడం ఉండదు. ఒకే విజేతను ప్రకటించడమూ ఉండదు. వీధియే మైదానం. ఊరివారే నిర్వాహకులు.

చట్టం, న్యాయస్థానాల తీర్పులు

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. ఈ చట్టం క్రింద 2011 జూలై 11న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ, ప్రదర్శనలకు ఉపయోగించరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుల బండ్ల పందేలను నిషేధించింది. ఎద్దుల శరీర నిర్మాణం ఇటువంటి ప్రదర్శనలకు అనువైనది కాదని, భయం వల్లనే అవి పరుగెత్తుతాయని న్యాయస్థానం అభిప్రాయపడింది.

2016 జనవరి 7న కేంద్రం కొన్ని రాష్ట్రాల పోటీలకు మినహాయింపు ఇస్తూ ప్రకటన జారీ చేసింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ ప్రకటన అమలును కూడా సుప్రీంకోర్టు జనవరి 12న నిలిపివేసింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరంలోను, తమిళనాడు అంతటా పెద్ద ఎత్తున జరిగిన ఉద్యమం తరువాత ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించుకుంది. కర్ణాటక, మహారాష్ట్ర కూడా సవరణలు చేశాయి. ఈ మూడు రాష్ట్రాల సవరణలు చెల్లుతాయని 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఈ మూడు రాష్ట్రాల సవరణలకే సంబంధించినది. దాని వలన చిత్తూరు ప్రాంతపు పండుగకు మినహాయింపు లభించలేదు.

వాదనలు

పండుగను సమర్థించేవారు ఇది తరతరాల ఆచారమని, ఎద్దును బిడ్డవలె పెంచే రైతు దానికి హాని తలపెట్టడని అంటారు. ట్రాక్టర్లు వచ్చాక దుక్కి ఎద్దుల అవసరం తగ్గిన ఈ కాలంలో, గిత్తలను పెంచడానికి ఈ పండుగ ఒక కారణంగా నిలుస్తోందని కూడా వారి వాదన. వ్యతిరేకించేవారు డప్పుల మోతకు, జనసమూహానికి ఎద్దులు బెదరిపోతాయని, ఇరుకు వీధులలో తప్పించుకునే చోటు లేక చూపరులు కూడా గాయపడుతున్నారని అంటారు.

తమిళనాడులో సవరణ తరువాత జల్లికట్టుకు కలెక్టరు అనుమతి, పశువైద్యుల పరీక్ష, వైద్య బృందం, కంచె వంటి ఏర్పాట్లు తప్పనిసరి అయ్యాయి. చిత్తూరు ప్రాంతంలో పండుగకు ముందు పోలీసులు హెచ్చరికలు జారీ చేస్తారు. అయినా చాలా ఊళ్ళలో పరుగు జరుగుతూనే ఉంటుంది. అనుమతి లేని వేడుకకు నియమాలు విధించే అవకాశం అధికారులకు ఉండదు. ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వహించే నిర్వాహక సంఘమూ ఉండదు. అందువలన గాయపడిన మనిషికైనా, ఎద్దుకైనా పండుగ వలన లభించే రక్షణ స్వల్పం. నిషేధాన్ని ఖచ్చితంగా అమలు చేయడమా, లేక పొరుగు రాష్ట్రం వలె చట్టం చేసి నియంత్రించడమా అన్నది ఈ వివాదంలో ప్రధానాంశం.

ఇవి కూడా చూడండి

కనుమ
జల్లికట్టు
కంబళ
కాటమరాజు కథ
చంద్రగిరి