నేలసాలీడును, దానికి పేరిడినవారును

శ్రీకాళహస్తి యను క్షేత్రనామమునకు పెద్దలు చెప్పెడి యర్థము మన తెలుగువారిలో ఎఱుగనివారు అరుదు. శ్రీ యనగా సాలీడు, కాళమనగా సర్పము, హస్తి యనగా ఏనుగు. ఈ మూడును శివు నర్చించి ముక్తి గాంచినవని స్థలపురాణము. గుడిలో ఇంతటి గౌరవము పొందిన యీ జీవికి మన యిండ్లలో దక్కునది చీపురుదెబ్బ మాత్రమే. అంతటితో నాగినచో మేము ఈ వ్యాసము వ్రాయకుందుము. పిల్లవాని మెడపై ఎఱ్ఱని చాఱ తేలి పొక్కులెక్కినచో, వైద్యునికంటె ముందుగా ఇంటిలోని పెద్దలు తీర్పు చెప్పుదురు: "సాలీడు పాకినది." నేరము మోపబడును; సాక్షి లేడు; విచారణ లేదు; శిక్ష మాత్రము తక్షణమే జరుగును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక వానకాలమున మా యింటనే యిట్టి తీర్పు జరిగినది. ఎనిమిదేండ్ల బాలుడు నిద్రలేచునప్పటికి మెడప్రక్కను అంగుళము పొడవున మంట పుట్టియుండెను. మఱునాటికి పొక్కులు లేచినవి. మా తల్లిగారు పసుపును వేపాకును నూరి పట్టించి, మంత్రము వేయువానికి కబురంపిరి. చాప యెత్తి దులుపగా దాని క్రిందినుండి బూడిదవన్నె సాలీడొకటి గోడవైపునకు పరుగెత్తెను. దానిని చెప్పుతో కొట్టి చంపిన చేయి మాదే. బాలుడు మంటను మఱచి వంగి చూచి, "నాన్నగారూ, ఇది గూడు కట్టలేదేమి? దీని పేరేమి?" అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు. పేరైన తెలియని ప్రాణిని నేరస్థునిగా నిర్ణయించి చంపితిమి గదా యను సిగ్గు ఆ దినమున కలిగినది. ఆ సిగ్గే మమ్ము ఈ చరిత్ర చదువుటకు పురికొల్పినది.

బాలుని ప్రశ్న సామాన్యమైనది కాదు. సాలెవాడు నేతగాడు, మన భాషలో ఈ జీవికి పేరు దాని నేతనుబట్టియే వచ్చినది. అయినను దారము తీయుట వేఱు, వల పన్నుట వేఱు. నేలసాలీడు దారము తీయును గాని వల పన్నదు. పగలు రాతి క్రిందనో, బెరడు చాటుననో, ఎండుటాకుల నడుమనో సంచివంటి గది నొకదానిని నేసికొని అందు దాగియుండును. చీకటి పడినంతనే వెలువడి, నేలపై తిరుగుచు పురుగులను వేటాడి తినును. ఆడుది గ్రుడ్లసంచిని తన గదిలోనే యుంచుకొని కావలి కాచుటయు ఈ కులమున సామాన్యము. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబమును నాఫోసిడే యందురు. పూర్వగ్రంథములలో ఇది డ్రాసిడే యని కానవచ్చును. ఇందు ఇప్పటికి రెండువేలకు పైగా జాతులు గుర్తింపబడినవి. వీని నెవరు, ఏల, ఎట్లు వేఱుపఱచిరో చెప్పుట మా యుద్దేశము.

స్వీడను దేశమున కార్ల్ క్లెర్క్ అను నతడు 1709లో జన్మించెను. ధనము చాలక చదువు నడుమనే మాని ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి, తుదకు స్టాక్‌హోము నగరపాలనలో పని చేసెను. 1739లో ఆ నగరమున లిన్నేయసు పండితుని యుపన్యాసము విన్నపిదప ఆయనకు ప్రకృతిశాస్త్రమున అభిరుచి కలిగెను. కచేరీ పని చేసికొనుచునే సాలీళ్ళను పరిశీలించి, 1757లో స్వీడను సాలీళ్ళను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు అరువదికి పైబడిన జాతులు వర్ణింపబడినవి. ప్రతిదానికిని రెండు పదముల నామము కలదు. లిన్నేయసు జంతువుల కన్నిటికిని అట్టి నామములిడిన గ్రంథము వెలువడినది 1758లో. జంతువుల శాస్త్రనామములకు ఆ సంవత్సరమే మొదలని అంతర్జాతీయ నియమము. అంతకు ముందటి నామములేవియు చెల్లవు. క్లెర్క్ సాలీళ్ళకిడిన నామములు మాత్రము చెల్లును. గురువునకంటె శిష్యునికే అగ్రస్థానమిచ్చిన నియమమిది. పాఠకులు ఇంకొక విశేషమును గమనింతురు గాక: ఆ గ్రంథము పండితుల లాటినులోనే గాక ఆయన మాతృభాషయగు స్వీడిషులోను ప్రక్కప్రక్కగా వ్రాయబడినది.

లిన్నేయసు సాలీళ్ళను రెక్కలులేని కీటకములలో చేర్చెను. ఆ పొరపాటును దిద్దినవాడు ఫ్రెంచి పండితుడగు లామార్క్. కీటకమునకు ఆఱు కాళ్ళు, తలపై స్పర్శశృంగములు. సాలీడునకు ఎనిమిది కాళ్ళు, స్పర్శశృంగములు లేవు. కాబట్టి 1801లో ఆయన సాలీళ్ళను, తేళ్ళను కీటకములనుండి విడదీసి ప్రత్యేక వర్గముగా నిలిపెను. మన మిప్పటికిని సాలెపురుగనియే పిలుచుచున్నాము. పేరు మార్చుకొననక్కఱలేదు గాని, కాళ్ళు లెక్కించుట నేర్చుకొనవలెను. ఎందులకో ముందు తెలియును.

లామార్క్ వృద్ధాప్యమున చూపు కోల్పోయినపుడు ఆయనకు తోడ్పడినవాడు పియేర్ ఆంద్రే లత్రేయ్. ఈయన కథ నవలను బోలియుండును. 1762లో బ్రీవ్ పట్టణమున జన్మించెను. తండ్రి కుమారుడని యొప్పుకొనలేదు. ఇతరుల యాదరమున చదివి 1786లో క్రైస్తవ పురోహితుడయ్యెను. ఫ్రెంచి విప్లవము వచ్చినది. కొత్త శాసనమున కనుగుణముగ ప్రమాణము చేయనందున 1793లో ఆయనను బంధించి, పిదప బోర్డో నగరమున చెఱలో నుంచిరి. ఒకనాడు ఖైదీలను చూడవచ్చిన వైద్యుడు, లత్రేయ్ చెఱగది నేలపై నున్న చిన్న పురుగును శ్రద్ధతో పరిశీలించుట చూచి యాశ్చర్యపడెను. అది అరుదైన పురుగని ఖైదీ చెప్పెను. వైద్యుడు దానిని ఆ యూరిలోని పదునైదేండ్ల ప్రకృతిశాస్త్రాభిమానియగు బోరీ ద సాన్ వెన్సాన్‌కు పంపెను. ఆ బాలునకు లత్రేయ్ కృషి మునుపే తెలియును. అతని ప్రయత్నమున లత్రేయును, ఆ గదిలోని మఱియొకడును విడుదల పొందిరి. తక్కిన తోడి ఖైదీలు ఒక నెల లోపుననే మరణించిరి.

చిన్న పురుగు నొకదానిని తెలిసికొనదగినదిగా నెంచినందున ఆ మనుష్యుని ప్రాణము నిలిచినది. పిదప ఆయన 1798 మొదలు పారిసు మ్యూజియమున కీటకముల నమర్చుచు, 1830లో ఆచార్యుడై, 1833లో గతించెను. నేలసాలీళ్ళ కుటుంబమునకు నేటి పేరు రాగల మూలము, అనగా నాఫోసా యను ప్రజాతినామము, 1804లో ఆయన యిడినదే. మఱుసటి యేట వాల్కెనార్ అను మఱియొక ఫ్రెంచివాడు సాలీళ్ళ పట్టికను ప్రకటించి, అందు డ్రాసస్ అను ప్రజాతిని నిలిపెను. ఈయనయు కేవలశాస్త్రజ్ఞుడు కాడు. జిల్లాధికారిగా పని చేసెను, ల ఫోంతేన్ కవి జీవితమును వ్రాసెను.

ఇట్లు పేర్లు పెరుగుచుండగా, ఏ గుర్తులనుబట్టి ఈ కుటుంబమును నిర్ణయింపవలెను అను ప్రశ్న మిగిలినది. నూరెంబర్గు నగరమున వైద్యవృత్తిలో నున్న లుడ్విగ్ కోఖ్ 1866లో ఈ ఒక్క కుటుంబమునకే ప్రత్యేకగ్రంథము మొదలిడెను. ఈయన తండ్రియు సాలీళ్ళను చిత్రించి వర్ణించిన అటవీశాఖోద్యోగి. తరువాతి పండితులు స్థిరపఱచిన గుర్తులలో రెండు సామాన్యులకును తెలియదగినవి. దారము తీయు గొట్టములలో ముందటి జత స్తంభములవలె గుండ్రనై, ఒకదానికొకటి ఎడముగా నుండును. ఎనిమిది కన్నులలో వెనుకటి వరుస నడిమి రెండును తక్కినవానివలె గుండ్రముగా నుండక, చదునై ఏటవాలుగా నుండును. చేతిలో భూతద్దమున్న పాఠశాల విద్యార్థియు వీనిని గుర్తింపగలడు.

ఆ కాలపు పండితులలో యూజీన్ సిమోన్ ను మించినవాడు లేడు. 1848లో పుట్టిన యీ పారిసువాసి తన మొదటి సాలీళ్ళ చరిత్రను 1864లో, అనగా పదునాఱేండ్ల ప్రాయమున ప్రకటించెను. వెనెజులా, ఫిలిప్పైను ద్వీపములు, సింహళము తిరిగి సాలీళ్ళను సేకరించెను. బాల్యమున వ్రాసిన గ్రంథమును సంపూర్ణముగ మార్చి 1892 మొదలు 1903 వఱకు తిరిగి ప్రకటించెను. తాను వ్రాసినదానిని తానే కొట్టివేసి మరల వ్రాయుటకు వెనుదీయకుండుట శాస్త్రజ్ఞుని గుణము. మన పెద్దలలోను, సంస్కర్తలలోను ఈ గుణ మెందఱికి కలదో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన దేశమునకు వత్తము. భూగర్భశాఖలో పనిచేయుచు 1874లో లడఖు కొండలలో మరణించిన స్టోలిచ్కా, 1869లో కలకత్తా ఆసియాటిక్ సంఘపు పత్రికలో భారతదేశపు సాలీళ్ళను వర్ణించెను. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నుండిన పోకాక్ 1900లో భారతదేశపు సాలీళ్ళను, తేళ్ళను గూర్చి గ్రంథము ప్రకటించెను. అంతకు ముందటి యేడు ఆయన వర్ణించిన యొక నీలవర్ణపు పెద్ద సాలీడు మన గుత్తి రైలు స్టేషనులోని కలపదొడ్డిలో దొరికినది. అది చెట్టుతొఱ్ఱలలో నుండునది గాని నేలసాలీడు కాదు. అయినను దాని కథ చెప్పదగినది. గుత్తిలో పిదప నెవరికిని అది కానరాలేదు. నూఱేండ్లు గడచినపిమ్మట 2001లో నంద్యాల, గిద్దలూరుల నడిమి యడవిలో మరల కనబడినది. మొదటిది కలపతోకూడ రైలులో గుత్తికి చేరెనని ఇప్పటివారి యూహ. ఆ యడవులు నరకబడుచుండుటచే ఆ జాతి నశించు స్థితిలో నున్నది. పేరు పెట్టినంతమాత్రమున తెలిసికొన్నట్లు కాదు. అది యుండు చోటును తెలియవలెను.

1920 మొదలు 1940 వఱకు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండిన గ్రేవ్లీ దక్షిణదేశపు సాలీళ్ళపై పెక్కు వ్యాసములు వ్రాసెను. కలకత్తాలోని భారత జంతుపరిశోధనశాఖకు చెందిన టికాదర్, 1982లో నేలసాలీళ్ళ కుటుంబమును గూర్చి భారతదేశమునకు ప్రత్యేకముగ గ్రంథము ప్రకటించెను. మొదట పరదేశీయులు చేసిన పని కిట్లు స్వదేశీయులు వారసులగుట సంతోషకరము. కాని ఈ గ్రంథములన్నియు ఇంగ్లీషులోనే యున్నవి. రెండువందల యేబది యేండ్లకు పూర్వమే క్లెర్క్ తన సాలీళ్ళను తన యింటి భాషలో వర్ణించెను. మా బాలుడు అడిగిన ప్రశ్నకు సమాధానము మేము పరభాషలో వెదకవలసివచ్చెను.

ఇటీవలి కాలమున ఈ కుటుంబమును గూర్చి అమెరికా వాసి నార్మన్ ప్లాట్నిక్ చేసిన కృషి గొప్పది. 1951లో పుట్టి 2020లో గతించిన యీయన, అమెరికాలోని నేలసాలీళ్ళను మహమ్మద్ షాదాబ్ అను సహాయునితో గూడి పునఃపరిశీలించి, ప్రపంచపు సాలీళ్ళ కన్నిటికిని పట్టిక కూర్చెను. 2014 తరువాత ఆ పట్టిక స్విట్జర్లండులోని బెర్న్ నగరపు మ్యూజియము సంరక్షణలో నున్నది. ఎవరైనను వెలలేక చూడవచ్చును. 2022లో అందు ఏబదివేలవ జాతి చేరినది. వర్గీకరణము పేర్ల జాబితాతో ముగియలేదు. ఏటవాలు కన్నుల ప్రయోజనమేమో 1999లో తెలిసినది: ఆ కుటుంబపు డ్రాసోడెస్ అను సాలీడు వానితో రూపములను చూడదు, సూర్యుడు క్రుంకిన పిదప ఆకాశకాంతి దిశను గ్రహించి తన గదికి త్రోవ తెలిసికొనును. ఎడముగా నున్న గొట్టముల ప్రయోజనము 2017లో వెల్లడియైనది: జిగురుదారమును వానినుండి తీసి ఎర కాళ్ళకు చుట్టి, తనకంటె బలమైన జీవినైనను కట్టివేయును. పూర్వులు గుర్తులుగా వ్రాసికొన్నవి బ్రతుకుతెరువులని ఇప్పుడు తేలినది.

ఇక మా యింటి నేరవిచారణకు వత్తము. ఆ పొక్కులు సాలీడు చేసినవి కావు. వానకాలమున వరిచేల ప్రక్కనుండి దీపముల వెలుగునకు వచ్చు చిన్న పురుగొకటి కలదు. చీమవలె సన్నగా నుండి, నారింజవన్నెయు నలుపును కలిసియుండును. దాని పొట్టిరెక్కలు నీలముగా మెఱయును. శాస్త్రజ్ఞులు దానిని పీడెరస్ అందురు. అది కుట్టదు, కఱవదు. మెడపై ప్రాకినపుడు నిద్రమత్తులో చేతితో నలిపినచో దాని శరీరములోని విషరసము చర్మమున కంటును. చేయి పోయిన జాడనే చాఱ తేలును. ఒకటి రెండు దినములకు పొక్కులు వచ్చును. అట్టిది మేనిపై వ్రాలినచో నలుపక ఊదివేయవలెను; నలిగినచో వెంటనే సబ్బుతోను నీటితోను కడుగవలెను; ఆ చేతిని కంటికి తగులనీయరాదు. మంత్రమునకు తగ్గినట్లు కనబడునది తనంతట మానునదియే. చాపక్రింది నేలసాలీడు ఆ రాత్రి పురుగులను వేటాడుటకే వచ్చియుండును. అది మనుష్యునకు ప్రాణాపాయము కలిగించునది కాదు.

నేరము చేసినదానికి కాళ్ళు ఆఱు. శిక్ష పొందినదానికి ఎనిమిది. 1801లో లామార్క్ చెప్పిన భేదము మా యింటికి చేరుటకు రెండువందల యేండ్లకు మించి పట్టినది. ఈ యాలస్యమునకు మా తల్లిగారిని నిందింపము. ఆమెకు ఎవరును చెప్పలేదు. చదివికొనియు చెప్పనివారము మేము. ఒక పురుగు విషయమున ఇట్లు తీర్పు చెప్పు ఇంటిలో, మనుష్యుల విషయమున తీర్పులు ఏ రీతిగా జరుగునో పాఠకులే యోచింతురు గాక.

మఱుసటి వానకాలమున దీపము క్రింద వ్రాలిన నారింజవన్నె పురుగును బాలుడు గాజుగ్లాసుతో మూసి, దాని కాళ్ళు లెక్కించి, "నానమ్మా, ఆఱు" అని కేక వేసెను. మా తల్లిగారు కండ్లజోడు తెచ్చుకొని తామును లెక్కించిరి. మంత్రము వేయువానికి ఆ యేడు కబురు వెళ్ళలేదు.