పేటెంటు: తాళంచెవి ఎవరి చేతిలో?

మన సంఘ కుటుంబాల పిల్లలు ఈ రోజుల్లో ఇంజనీరింగు, ఫార్మసీ చదువులకు బాగానే వెళ్తున్నారు. వాళ్ళ నోట "పేటెంటు" అనే మాట తరచు వినబడుతోంది. ఇంట్లో పెద్దలేమో అదేదో సర్కారువారు ఇచ్చే బిరుదో, బహుమానమో అనుకుంటున్నారు. కాదు. ఆ మాటకు ఒక చరిత్ర ఉన్నది. అందులో కొందరి ప్రాణాలు, కొందరి పేరు ప్రతిష్ఠలు, చాలా డబ్బు ముడిపడి ఉన్నవి. మాకు తెలిసిన నాలుగు సంగతులు సభ్యుల ముందుంచుతున్నాము.

లాటిను భాషలో ఆ మాటకు మూలార్థం "తెరచి ఉన్నది" అని. వెనుకటి యూరపు రాజులు అందరూ చదువుకొనేటట్లు మూయకుండా ఇచ్చిన సనదులను తెరచిన ఉత్తరాలు అనేవారు. 1474లో వెనిస్ ప్రభుత్వం, కొత్త యంత్రం చేసి నమోదు చేయించుకున్నవానికి పదేళ్ళ హక్కు ఇస్తూ చట్టం చేసింది. ఇందులోని ఒప్పందం చాలా సాదా. నీ పనితనపు రహస్యం దాచకుండా కాగితం మీద పెట్టు. బదులుగా ఇన్నేళ్ళపాటు నీ అనుమతి లేనిదే మరొకరు దాన్ని చెయ్యరు. గడువు తీరగానే అది అందరి సొత్తు. ఉర్దూలో ఇజారాదారీ అంటాము, తెలుగులో గుత్త. చెరువులో చేపల గుత్తకు గడువు ఉన్నట్లే దీనికీ ఉంటుంది.

షుగరు జబ్బు మనిషి లేని ఇల్లు ఇప్పుడు వెతికి చూడవలసిందే కనుక ఇన్సులిన్ సంగతి ముందు చెబుతాము. 1921 వేసవిలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో, ప్రొఫెసరు మెక్లియాడ్ ప్రయోగశాలలో, ఫ్రెడరిక్ బాంటింగ్ అనే డాక్టరు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి కలిసి కుక్కల క్లోమం నుండి ఆ మందును తీశారు. కాలిప్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధి చేశాడు. అంతవరకు ఆ జబ్బు చిన్నతనంలో వస్తే పిల్లలు దక్కేవారు కాదు. తిండి మాడ్చి, ఎముకల గూడు చేసి, మరికొన్ని నెలలు నిలబెట్టడమే వైద్యం. 1922 జనవరి 11న లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవానికి మొదటి సూది వేశారు. సరిగా పని చెయ్యలేదు. కాలిప్ శుద్ధి చేసిన మందుతో 23న మళ్ళీ వేస్తే రక్తంలో చక్కెర దిగింది. ఆ పిల్లవాడు మరి 13 ఏళ్ళు బతికాడు.

ఇటువంటి మందు మీద గుత్త చేజిక్కితే ఎంత సంపాదించవచ్చునో లెక్క కట్టండి. వారు పేటెంటు తీసుకున్నమాట నిజమే. కాని ఎందుకు తీసుకున్నారంటే, వేరొకడెవడో ముందుపోయి తన పేర వ్రాయించుకుని మందును గుప్పిట పెట్టుకోకుండా. బాంటింగ్ అయితే వైద్యుడుగా చేసిన ప్రమాణానికి ఇది తగదని మొదట తన పేరే వద్దన్నాడు. 1923లో బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురూ తమ హక్కును తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి వ్రాసి ఇచ్చారు.

ఇంతటితో కథ ముగిస్తే బాగుండేది. కాని తరువాత మందును మెరుగుపరచిన కంపెనీలు ఆ మెరుగుకు కొత్త పేటెంట్లు తీసుకుంటూ పోయాయి. 1996లో అమెరికాలో 21 డాలర్లకు వచ్చిన ఒక కొత్తరకం ఇన్సులిన్ సీసా, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 275 డాలర్లయింది. సూది మందు కొనలేక, ఉన్నదాన్నే పొదుపుగా వాడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఆ ధనిక దేశంలోనే ఉన్నారు. గగ్గోలు పుట్టిన మీదట 2023లో కంపెనీలు ధరలు దించాయి. ఒక్క డాలరుకు ఇచ్చిన తాళంచెవి పాత తాళానికే సరిపోయిందన్నమాట.

ఇచ్చినవారు మనుషులే కాదు, లాభం కోసం నడిచే కంపెనీ కూడా ఇచ్చిన సందర్భం ఒకటున్నది. అది స్వీడన్ దేశంలో జరిగింది. నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు ప్రమాదవేళ పైలటును సీటుతో సహా విమానం బయటికి విసిరే ఏర్పాట్ల మీద పనిచేసి, 1958లో వోల్వో కార్ల కంపెనీలో చేరాడు. అప్పట్లో కార్లలో సాధారణంగా నడుముకు మాత్రమే బెల్టు ఉండేది. గుద్దుకుంటే పైశరీరం ముందుకు విరుచుకుపడేది. బోలిన్ ఒక పట్టీ ఛాతీ మీదుగా, ఒకటి నడుము మీదుగా పోయి, రెండూ సీటు పక్కన కింద ఒకచోట కలిసేటట్లు చేశాడు. ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు. 1959 నుండి కార్లలో బిగించారు, 1962లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలవారిని కూడా వాడుకోనిచ్చింది. దీనివల్ల కంపెనీకి మంచి పేరు వచ్చింది, వ్యాపారమూ పెరిగింది అని అనేవారుంటారు, అయితే ఏమి? మన దేశంలో 2019 చట్ట సవరణలో బెల్టు లేనివారికి 1,000 రూపాయల జరిమానా పెట్టారు. పోలీసు కనబడితే బెల్టు లాక్కుని, సందు తిరగ్గానే వదిలేసే పెద్దమనుషులను మేము ఎరుగుదుము.

ఇప్పుడు కంప్యూటరు. దీని ముచ్చట కొంచెం పెద్దది. ఇక్కడ తగాదా వచ్చింది డబ్బు ఒక్కదానికే కాదు, పేరుకు కూడా.

మన పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు ఎనియాక్ అని ఉంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మాక్లీ, ఎకర్ట్ అనేవారు దాన్ని నిర్మించారు. 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. సుమారు 18,000 వాల్వులు, 30 టన్నుల బరువు. 1947 జూన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అది మంజూరు అయ్యేసరికి 1964 వచ్చింది! అప్పటి అమెరికా చట్టం ప్రకారం మంజూరైన నాటినుండి 17 ఏళ్ళు, అంటే 1981 దాకా, హక్కు నడుస్తుంది. ఈలోగా ఆ హక్కు స్పెర్రీ రాండ్ అనే కంపెనీ చేతికి పోయింది. కంప్యూటరు తయారుచేసే ప్రతివాడూ తమకు రుసుము కట్టాలని వారి వాదన. హనీవెల్ అనే కంపెనీ కట్టనన్నది, 1967లో కోర్టుకెక్కింది.

హనీవెల్ వకీళ్ళు పాత సంగతులు తవ్వగా అయోవా రాష్ట్రపు కాలేజీలో పనిచేసిన ఒక ప్రొఫెసరు బయటపడ్డాడు. జాన్ విన్సెంట్ అటనాసాఫ్. తండ్రి బల్గేరియా నుండి వలస వచ్చినవాడు. 1937-38 చలికాలంలో ఒక రాత్రి మనసు చికాకుపడి, కారులో చాలా దూరం పోయి, రోడ్డు పక్క హోటల్లో కూర్చున్నప్పుడు అతనికి ఆలోచన తట్టిందట: పది అంకెలతో కాక ఒకటి, సున్న రెండింటితోనే, వాల్వులతో లెక్క చేయించవచ్చునని. 650 డాలర్ల సాయంతో, క్లిఫర్డ్ బెర్రీ అనే విద్యార్థిని కలుపుకుని 1939 నుండి 1942 మధ్య యంత్రం చేశాడు. సుమారు 300 వాల్వులు. 29 తెలియని సంఖ్యల సమీకరణాలు సాధించాలని ఉద్దేశం. 1941 జూన్‌లో ఆ మాక్లీయే అతని ఇంటికి అతిథిగా వచ్చి, కొన్ని రోజులుండి, యంత్రాన్ని చూసి పోయాడు.

అటనాసాఫ్ పేటెంటు కాగితాలు తయారుచేసి వకీలుకు అందజేశాడు. ఆ దరఖాస్తు ఎన్నడూ దాఖలు కాలేదు. యుద్ధం వచ్చి అతను నౌకాదళపు పనిమీద వెళ్ళిపోయాడు. 1948లో, స్థలం కావాలని కాలేజీవారు ఆ యంత్రాన్ని విప్పి పడేశారు.

విచారణ 1971 జూన్‌లో మొదలై తొమ్మిది నెలలకు పైగా నడిచింది. 1973 అక్టోబరు 19న జడ్జి ఎర్ల్ లార్సన్ ఫైసలా చెప్పాడు: పేటెంటు చెల్లదు, మాక్లీ, ఎకర్టుల మూల ఆలోచన అటనాసాఫ్ నుండి వచ్చినది. ఇంకొక కారణం కూడా చూపించాడు. దరఖాస్తుకు ఏడాది కంటే ముందే, 1945 డిసెంబరులోనే, ఎనియాక్‌ను ఆటంబాంబు శాస్త్రజ్ఞుల లెక్కలకు వాడారు; చట్టం ప్రకారం ఆ ఆలస్యమే హక్కును పోగొడుతుంది. ఓడినవారు పై కోర్టుకు పోలేదు. మరునాడు సాయంత్రమే అధ్యక్షుడు నిక్సన్ వాటర్‌గేట్ విచారణాధికారిని తొలగించడంతో పత్రికలన్నీ ఆ గొడవతోనే నిండాయి. ఈ ఫైసలా లోపలి పేజీల్లో పడిపోయింది. అందుచేతనే కాబోలు పుస్తకాల్లో పాత జవాబే కొనసాగుతోంది. మాక్లీని దొంగ అనడానికి మాకు మనసొప్పదు. అటనాసాఫ్ యంత్రం పూర్తిగా సవ్యంగా నడవలేదు, ఎనియాక్ ఏళ్ళ తరబడి నడిచింది. కాని ఆ పేటెంటు నిలిచి ఉంటే కంప్యూటరు పరిశ్రమ 1981 దాకా ఒకే గుమ్మానికి కప్పం కట్టుకుంటూ ఉండేది.

మన దేశానికి వద్దాము. ఆంగ్లేయుల కాలపు 1911 చట్టంలో మందుల మీద పూర్తి గుత్త ఉండేది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త చట్టం చేసి, 1972 ఏప్రిల్ 20 నుండి అమలులో పెట్టారు. మందుకు కాదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు, అదీ ఏడేళ్ళకు మించకుండా. మరో పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో స్థాపించిన సిప్లా కంపెనీని నడుపుతూ ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ 2001లో ఎయిడ్స్ మందులను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానన్నారు. అప్పటి ధర 10,000 డాలర్లకు పైమాట. ఈ చట్టం లేకపోతే ఆయన ఆ మాట అనగలిగేవారు కాదు.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 నుండి మందుకే 20 ఏళ్ళ పేటెంటు వచ్చింది. అయినా ఒక కిటికీ మిగిలింది. మందు ప్రజలకు అందుబాటు ధరకు రాకపోతే, పేటెంటుదారుకు ఇష్టం లేకున్నా మరొకరికి అనుమతి ఇవ్వవచ్చు. 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో కంపెనీకి ఆ అనుమతి దొరికింది. బేయర్ కంపెనీవారి కేన్సరు మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలుండగా, నాట్కో 9,000 లోపు ఇవ్వాలని, అమ్మకంలో నూటికి ఆరు రూపాయలు బేయర్‌కు కట్టాలని ఉత్తర్వు.

చివరిగా మన పిల్లలకు పనికొచ్చే ఒక్క మాట. ఏదైనా కొత్త పరికరం చేసినప్పుడు దాన్ని ప్రదర్శనలో పెట్టకముందే, పత్రికలో వ్రాయకముందే దరఖాస్తు వెయ్యండి. ముందు తాత్కాలిక వివరణతో వేసి, పూర్తి వివరణ పన్నెండు నెలల్లోగా ఇవ్వవచ్చు. వ్యక్తులకు రుసుము పెద్ద కంపెనీల కంటే చాలా తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళ్తాయి. హక్కు చేతికి వచ్చాక దాన్ని అమ్ముకోవాలా, బోలిన్ కంపెనీ లాగా వదిలిపెట్టాలా అన్నది అప్పుడు మీ ఇష్టం.