షుగర్ ఉన్నవాళ్లతో థీమ్ పార్క్‌కి వెళ్తున్నారా..? స్వీట్ల కంటే ముందు టైమ్ చూసుకోండి!

సెలవులు వచ్చాయంటే చాలు.. ఇంటిల్లిపాదీ కలిసి రామోజీ ఫిల్మ్ సిటీకో, రావిర్యాల దగ్గరున్న వండర్‌లాకో ప్లాన్ వేసేస్తారు. పిల్లలు, అమ్మానాన్నలు, తాతయ్య, అమ్మమ్మ.. అందరూ ఒకే కారులో సర్దుకుంటారు. ఆ కారులో కనీసం ఒక్కరికైనా షుగర్ ఉండటం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో దాదాపు 10 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు.

మరి వీళ్లు పార్క్‌లో ఏం తినాలి? ఏం తినకూడదు? అందరూ అడిగే ప్రశ్న ఇదే. అయితే అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది.. ఎప్పుడు తింటారు?

ఒక్కసారి ఆ రోజు ఎలా గడుస్తుందో ఊహించుకోండి. గేటు తెరిచే టైమ్‌కి చేరుకోవాలని పొద్దున్నే హడావుడి. టిఫిన్ సగం తిని, షుగర్ మాత్ర మాత్రం మరిచిపోకుండా వేసుకుని బయల్దేరతారు. టికెట్ క్యూ, చెకింగ్ క్యూ, రైడ్ క్యూ. 'ఈ ఒక్కటీ అయ్యాక భోజనం చేద్దాం' అనుకుంటూ ఉండగానే రెండున్నర అవుతుంది. తాతయ్య బ్యాగులకు కాపలాగా బెంచీ మీద కూర్చుని ఉంటారు. పిల్లలు తిరిగొచ్చేసరికి ఆయన చిరాకుగా ఉంటారు, చెమటలు పడుతుంటాయి, మాట కాస్త తడబడుతుంది. 'ఎండకి అలిసిపోయారు' అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అది అలసట కాకపోవచ్చు.. షుగర్ డౌన్ అయి ఉండొచ్చు.

థీమ్ పార్క్‌లో ఐస్‌క్రీమ్ వల్ల వచ్చే ప్రమాదం కన్నా ఇది తొందరగా ముంచుకొస్తుంది. షుగర్ పెరిగితే ఒకటి రెండు రోజుల్లో సర్దుకోవచ్చు. పడిపోతే నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు.

ఎవరికి ఎక్కువ రిస్క్?

షుగర్ ఉన్న అందరికీ ఇది ఒకేలా ఉండదు. కేవలం మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవాళ్లకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఈ మాత్రలు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. దానికి తోడు గంటల తరబడి నడక. రామోజీ ఫిల్మ్ సిటీలో బస్సుల్లో తిప్పుతారు కదా అనుకోవచ్చు. కానీ దిగిన ప్రతిచోటా నడకే, మెట్లే. కండరాలు పనిచేసే కొద్దీ రక్తంలోని గ్లూకోజ్‌ను లాగేసుకుంటాయి. పైగా వేడికి ఇంజెక్షన్ చేసిన ఇన్సులిన్ శరీరంలోకి వేగంగా వెళ్తుంది.

అందుకే ట్రిప్‌కి వారం ముందే డాక్టర్‌తో ఒక మాట మాట్లాడాలి. 'ఆ రోజు చాలా నడుస్తాం, భోజనం లేటవ్వొచ్చు.. డోసు ఏమైనా మార్చాలా?' అని అడగండి. సొంతంగా మాత్ర మానేయడం, ఇన్సులిన్ తగ్గించేసుకోవడం మాత్రం వద్దు. ఇక భోజనానికి ముందు వేసుకునే మాత్ర అయినా, ఇన్సులిన్ అయినా.. ప్లేటు కళ్లముందుకు వచ్చాకే వేసుకోండి. క్యూలో నిలబడే ఇన్సులిన్ చేసేసుకుని, ఆ క్యూ ఇంకో నలభై నిమిషాలు కదలకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. టిఫిన్ దగ్గర నుంచి నాలుగు గంటలు దాటకుండా భోజనం పెట్టుకోవాలి. ఎనిమిదికి టిఫిన్ తింటే పన్నెండుకల్లా ఫుడ్ కోర్టులో ఉండాలన్నమాట. ఆ టైమ్‌కి రద్దీ కూడా తక్కువే.

జేబులో ఉండాల్సింది చాక్లెట్ కాదు

షుగర్ పడిపోతే చాక్లెట్ నోట్లో పెడతారు చాలామంది. చాక్లెట్‌లో ఉండే కొవ్వు వల్ల అందులోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది. ఆ సమయంలో మనకు కావాల్సింది వేగం. గ్లూకోజ్ పొడి అన్నిటికన్నా మంచిది. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే 15 గ్రాములు, అంటే దాదాపు 3 టీస్పూన్ల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చెక్ చేయాలి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి అంతే. పెరిగిన తర్వాత ఏదైనా తినాలి, లేకపోతే మళ్లీ పడిపోతుంది. చేతిలో మీటర్ లేకపోయినా లక్షణాలు కనిపిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా ముందు గ్లూకోజ్ ఇచ్చేయడమే మేలు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మన దగ్గర డాక్టర్లు రాసే కాంబినేషన్ మాత్రల్లో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో పాటు వోగ్లిబోస్ అనే మందు కూడా తరచుగా ఉంటుంది. దాని పనే పిండిపదార్థాలు, పంచదార పేగుల్లో విడిపోకుండా ఆలస్యం చేయడం. కాబట్టి వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు షుగర్ డౌన్ అయినప్పుడు పంచదార నీళ్లు, కూల్ డ్రింక్ ఇచ్చినా వెంటనే పనిచేయవు. నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. ఈ రోజే ఇంట్లో ఉన్న మాత్రల షీటు తిప్పి చూడండి.

ఆ ప్యాకెట్ ఎక్కడ పెడుతున్నారన్నదీ ముఖ్యమే. వాటర్ పార్క్‌లో బ్యాగులన్నీ లాకర్‌లోకి వెళ్లిపోతాయి. గ్లూకోజ్ లాకర్‌లో, మనిషి వేవ్ పూల్‌లో ఉంటే ఉపయోగం ఏముంది? నీళ్లు చొరబడని చిన్న పౌచ్‌లో వేసి మెడలో వేలాడదీసుకోవచ్చు, లేదంటే ఒడ్డున ఉండే ఎవరో ఒకరి చేతిలో ఉంచాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి.. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి పార్క్ ఫస్ట్ ఎయిడ్ సిబ్బందిని పిలవండి, 108కి కాల్ చేయండి.

బయటి ఫుడ్ రానివ్వరు కదా.. ఎలా?

చాలా పార్కుల్లో గేటు దగ్గరే తినుబండారాలు ఆపేస్తారు. షుగర్ పేషెంట్ విషయంలో ముందుగా ఫోన్ చేసి అడగడం మంచిది. వెళ్లేటప్పుడు మందుల చీటీ, ఇన్సులిన్ వాడుతుంటే డాక్టర్ రాసిన చిన్న లెటర్ దగ్గర పెట్టుకోండి. గ్లూకోజ్, మీటర్, ఇన్సులిన్ అన్నీ ఒకే కవర్లో చీటీతో సహా ఉంటే సిబ్బందికి చెప్పడం తేలిక.

తీసుకెళ్లనిస్తే ఏం పట్టుకెళ్లాలి? వేయించిన శనగలు, పల్లీలు, బాదం.. ఎండకి పాడవవు, షుగర్‌ను ఒక్కసారిగా పెంచవు. జామకాయ ఒకటి కోయకుండా అలాగే పెట్టుకోండి. మొలకలు, ఉడికించిన గుడ్లు, గుగ్గిళ్లు మంచివే కానీ ఎండాకాలం కారులో మధ్యాహ్నానికి పాడైపోతాయి, దారిలోనే తినేయాలి. డైజెస్టివ్ అని రాసి ఉన్న బిస్కెట్లను మాత్రం మందులా చూడకండి, వాటిలోనూ పిండి, చక్కెర ఉంటాయి. తీసుకెళ్లనివ్వకపోతే పొద్దున టిఫిన్ గట్టిగా చేసి వెళ్లడమే మార్గం. నాలుగు ఇడ్లీల కన్నా రెండు ఇడ్లీలు, ఎక్కువ సాంబారు, ఒక గుడ్డు నయం. ఇంకా చెప్పాలంటే ఉప్మా లేని పెసరట్టు.. పెసల్లో ప్రోటీన్, పీచు ఉండటం వల్ల షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది, ఆకలీ తొందరగా వేయదు.

బఫే దగ్గర ఏం చేయాలి?

'ఇంత డబ్బు కట్టాం కదా' అన్న ఆలోచనతోనే బఫేలో సగం నష్టం జరుగుతుంది. ప్లేటు పట్టుకోగానే నేరుగా బిర్యానీ దగ్గరికి వెళ్లకుండా ముందు ఖాళీ చేతులతో ఒక రౌండ్ వేయండి. ఏమేం ఉన్నాయో చూశాక సగం ప్లేటు కీరా, క్యారెట్, కూరలతో నింపండి. పావు వంతు పప్పు, పనీర్, చికెన్, చేప.. ఏది ఉంటే అది. మిగిలిన పావులోనే బిర్యానీ అయినా, అన్నం అయినా, రొట్టె అయినా. మూడూ కాదు, ఏదో ఒకటి. తినడం కూడా ఇదే వరుసలో.. కూరగాయలు, పప్పు ముందు తిని, అన్నం చివర్లో తింటే తిన్న తర్వాత షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది.

మన భోజనంలో అసలు చిక్కు అన్నం దగ్గరే ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజువారీ కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదనే చెబుతున్నాయి. థాలీ భోజనం అయితే మారు వడ్డించడానికి వచ్చినప్పుడు అన్నానికి చేయి అడ్డుపెట్టి పప్పు, కూర అడగండి. చివర్లో పెరుగన్నం బదులు ఒట్టి పెరుగు.

ఇక స్వీటు సంగతి. ఇంట్లోవాళ్లంతా గులాబ్ జామ్ తింటుంటే ఒక్కరిని పక్కన కూర్చోబెట్టి 'నీకొద్దు నాన్నా' అనడం కన్నా, భోజనం అయ్యాక ఒకదాన్ని సగం చేసి పంచుకోవడం నయం. ఆ సగానికి బదులు అన్నం తగ్గించుకోవాలి, అంతే. అలా వద్దు వద్దంటే చాటుగా తినేవాళ్లే ఎక్కువ, అప్పుడు లెక్క ఎవరికీ తెలియదు. 'షుగర్ ఫ్రీ' ఐస్‌క్రీమ్ అని బోర్డు కనిపించినా కొవ్వు, పాలలో ఉండే చక్కెర అందులో ఎలాగూ ఉంటాయి. రెండు కప్పులు లాగించేయకండి.

దాహం వేస్తే..

పార్క్‌లో షుగర్ పెంచేది ఎక్కువగా తిండి కాదు, తాగేవే. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది.. ఆరు టీస్పూన్ల పైమాటే. చెరుకు రసం, ప్యాకెట్ జ్యూస్‌లదీ అదే దారి. మెషీన్ కాఫీ, టీ కూడా చూసుకోవాలి, చాలాచోట్ల ఆ పొడిలోనే పంచదార కలిపి ఉంటుంది. 'చక్కెర లేకుండా' అని మీరు చెప్పినా బటన్ నొక్కేవాళ్లు ఏమీ చేయలేరు.

ఎండకి నీరసం వస్తోందని టెట్రా ప్యాక్ ఓఆర్‌ఎస్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ పేరుతో అమ్ముడైన కొన్ని డ్రింకుల్లో అసలు ఫార్ములా కన్నా చక్కెర చాలా ఎక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఫార్ములాకు సరిపోని డ్రింకులపై ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. మామూలు దాహానికి మంచినీళ్లు, పలుచటి మజ్జిగ చాలు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు మూత్రం ఎక్కువగా పోతుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేసే అమ్మమ్మల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇన్సులిన్‌ను పార్కింగ్‌లో ఉన్న కారులో వదిలేస్తే పనికిరాకుండా పోతుంది. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉండాలి. కూల్ పౌచ్‌లో పెట్టుకోండి, ఐస్‌కి నేరుగా తగలనివ్వకండి.. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనిచేయదు. తిండికి సంబంధం లేకపోయినా ఇంకో మాట: పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వాటర్ పార్క్‌లో చెప్పుల్లేకుండా నడవకూడదు. కాలిన గచ్చు మీద బొబ్బ వచ్చినా తెలియదు.

పిల్లలకు టైప్ 1 ఉంటే

వీళ్లకు తిండి ఆపడం కన్నా లెక్క ముఖ్యం. ఐస్‌క్రీమ్ తినొచ్చు, ఎంత తిన్నారో దానికి తగ్గ ఇన్సులిన్ డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం ఇవ్వాలి. రైడ్ మోజులో పిల్లలు లక్షణాలు చెప్పరు. ప్రతి రెండు గంటలకోసారి మీరే చెక్ చేయండి. ఇన్సులిన్ పంప్ ఉంటే నీళ్ల రైడ్లకు, అయస్కాంతాలతో నడిచే రైడ్లకు ముందు ఏం చేయాలో డాక్టర్ దగ్గరే తెలుసుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు

ఆర్లాండో డిస్నీ వరల్డ్ ట్రిప్ ఇప్పుడు మన పెద్దవాళ్ల అమెరికా టూర్‌లో భాగమైపోయింది. అక్కడ సొంత తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరదు. విడి ఐస్ ముక్కలకు అనుమతి లేదు, ఐస్ ప్యాక్‌లు వాడుకోవచ్చు. క్విక్ సర్వీస్ కౌంటర్లలో చల్లటి నీళ్లు అడిగితే ఉచితంగా ఇస్తారు. ఇక్కడి నుంచి తీసుకెళ్లే ఇన్సులిన్‌ను విమానంలో హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి. అక్కడి ప్లేటు ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

ఇంటికి వచ్చాక

ముగింపు షో చూసుకుని, ట్రాఫిక్ దాటి, దారిలో ధాబా దగ్గర ఆగేసరికి రాత్రి పది అవుతుంది. పొద్దుట్నుంచీ తిన్నది తక్కువేనన్న ధైర్యంతో అక్కడ బటర్ నాన్లు, ఫ్రైడ్ రైస్ లాగిస్తారు. దాని బదులు ఆరేడు గంటల మధ్యలోనే పార్క్‌లో ఏదైనా తేలికగా తినేస్తే రాత్రి ఆకలి అదుపులో ఉంటుంది. అయితే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు రాత్రి ఏమీ తినకుండా పడుకోవద్దు. పగలంతా నడిచిన ప్రభావం గంటల తర్వాత, ఒక్కోసారి తెల్లవారుజామున కూడా చూపిస్తుంది. పడుకునే ముందు ఒకసారి షుగర్ చెక్ చేసుకోండి. మామూలు కన్నా తక్కువగా ఉంటే చిన్న గ్లాసు పాలో, ఒక రొట్టెముక్కో తిని, గ్లూకోజ్ ప్యాకెట్‌ను తలగడ పక్కనే పెట్టుకోండి. ఆ రాత్రికి వాళ్లను విడి గదిలో ఒంటరిగా పడుకోనివ్వకపోతే ఇంకా మంచిది.